పదిహేనో సీసా

నవ్యశ్రీ జూన్ రెండో వారంలో, ఒక సోమవారం సాయంత్రం, రెండు పేజీలు ప్రింటు తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఫిన్లాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయం పరిణామ జీవశాస్త్రంలో పోస్ట్‌డాక్ ఉద్యోగం ప్రకటించింది. రెండేళ్ల ఉద్యోగం. పీహెచ్‌డీ పూర్తయి మూడేళ్లు దాటకూడదు. జన్యుక్రమాలను కంప్యూటర్ మీద పోల్చి చూడటం వచ్చి ఉండాలి. ఇంతవరకు ఏం చేసిందీ, అక్కడికి వస్తే ఏం చేస్తుందీ రెండు పేజీల్లో రాసి పంపాలి. శుక్రవారం ఆఖరు రోజు. ఆ రెండు పేజీల ఇంగ్లిషు దిద్దమని అడగడానికి వచ్చింది.

నేను శామీర్‌పేట మండలంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిషు చెప్తాను. నా భార్య రేచల్ అదే బడిలో జీవశాస్త్రం చెప్పేది. నవ్యశ్రీ ఆమె విద్యార్థిని. రేచల్ ఫిబ్రవరిలో చనిపోయింది. రొమ్ము క్యాన్సర్. రెండేళ్లకు పైగా వైద్యం జరిగింది. అడిగినవాళ్లకు నేను ఇంతే చెప్తాను.

నవ్యశ్రీ తండ్రి గాలయ్య గౌడ్ కల్లు గీస్తాడు. కూతురు పీహెచ్‌డీ చేసింది కూడా కల్లు మీదే. అందరి పిల్లలు చదువుకుని కల్లును విడిచిపెట్టారని, తన బిడ్డ మాత్రం చదివి చదివి మళ్లీ లొట్టి దగ్గరికే వచ్చిందని అతను నవ్వుతూ చెప్పుకుంటాడు. ఈత చెట్టుకు కట్టే కుండ లొట్టి. వాళ్ల ఇంట్లో ఒక అలవాటు ఉంది. లొట్టి ఎంత కడిగినా అడుగున గుక్కెడు పాత కల్లు ఉంచుతారు, పాలలో తోడు వేసినట్టు. దాన్ని తోడు అనే అంటారు. అన్నదమ్ములు వేరుపడితే చెట్లతో పాటు తోడు కూడా పంచుకుంటారు. బయటివాళ్లకు మాత్రం ఇవ్వరు.

నవ్యశ్రీ చిన్నప్పటి నుంచి చూసిన ఈ అలవాటే ఆమె పరిశోధన అయింది. కల్లును పులియబెట్టేది ఈస్ట్ అనే సూక్ష్మజీవి. మనుషుల కుటుంబాలు చీలినప్పుడల్లా లొట్లలోని ఈస్ట్ కుటుంబాలు కూడా చీలుతూ వచ్చాయా అన్నది ప్రశ్న. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా తొమ్మిది మంది గీత కార్మికుల దగ్గర, రెండు చలికాలాల పాటు, నలభై రెండు సీసాల కల్లు సేకరించింది. ఒక్కో సీసాలోని ఈస్ట్ జన్యుక్రమం తీయించి, వాటి మధ్య చుట్టరికం లెక్క కట్టి, వంశవృక్షం గీసింది. లెక్క కంప్యూటర్ చేస్తుంది. సీసాలు మనుషులు తేవాలి. నెలకొక శనివారం తెల్లవారుజామున ఆమెతో పాటు రేచల్ వెళ్లేది. ఏ సీసా ఎవరి చెట్టుది, ఎన్ని గంటలకు నింపారు అన్నది రేచల్ నోటు పుస్తకంలో రాసేది.

నేను పెన్ను తీసుకుని చదవడం మొదలుపెట్టాను. మొదటి రెండు పేరాల్లో పెద్ద తప్పులు లేవు. మూడో పేరాలో, పద్నాలుగు, పదిహేను నంబర్ల నమూనాలు ఒకే ఉదయం, పదమూడు కిలోమీటర్ల దూరంలో, ఏ సంబంధమూ లేని ఇద్దరి లొట్ల నుంచి తీసినవని, అయినా వాటి ఈస్ట్‌లో తేడా దాదాపు లేదని రాసి ఉంది. పద్నాలుగు గాలయ్యది. పదిహేను మేడ్చల్ పక్క మల్లేశం గౌడ్‌ది. తోడు చేతులు మారకుండానే ఈస్ట్ ఇంత దూరం ప్రయాణిస్తుందనడానికి ఇది ఆధారమని, ఎలా ప్రయాణిస్తుందో కనిపెట్టడమే ఫిన్లాండ్‌లో చేయబోయే పని అని రాసింది.

ఈ పేరా బాగా రాయాలి సార్ అంది నవ్యశ్రీ. అంతకుముందు ఆమె పంతొమ్మిది ప్రయోగశాలలకు ఉత్తరాలు రాసిందట. రెండు జవాబులు వచ్చాయి. ఒకటి ఖాళీ లేదని. రెండోది ఈ ఫిన్లాండ్ ప్రొఫెసర్‌ది. ఆవిడ పదిహేనో నమూనా గురించే నాలుగు ప్రశ్నలు అడిగి, తప్పక దరఖాస్తు పెట్టమంది.

“మా బాపు ఇంకో అర్థం తీసిండు సార్,” అంది నవ్యశ్రీ. “ఆ వంశవృక్షం బొమ్మ సూపెట్టినప్పటి సంది, మల్లేశం మా లొట్టి ఎత్తుకపోయిండు అంటడు. గాలిలకెల్లి పోవచ్చు, ఈగల తోని పోవచ్చు అంటే ఇంటలేడు.”

గాలయ్యకూ మల్లేశంకూ ఇరవై ఏళ్ల కింద, గీత కార్మికుల సంఘం చెట్లు పంచినప్పుడు గొడవై, మాటలు ఆగిపోయాయి. ఇప్పుడు గాలయ్య ఈ సంగతి ఆ సంఘంలో పెట్టాడు. దొంగతనం చేయలేదని తమ కులదైవం కాటమయ్య మీద ప్రమాణం చేయమని సంఘం మల్లేశంను అడిగింది. చేయని పనికి ప్రమాణం ఎందుకని అతను లేచి వెళ్లిపోయాడు. ఆ ఏడు కాటమయ్య పండుగకు అతన్ని పిలవలేదు. ఇదంతా ఏప్రిల్‌లో జరిగిందట. నాకు తెలియదు. ఏప్రిల్‌లో నేను బడికి వెళ్లి రావడం తప్ప ఏమీ తెలుసుకోలేదు.

కాగితాలు ఉంచి వెళ్లమని, బుధవారం రమ్మని చెప్పాను.

పద్నాలుగు, పదిహేను సీసాలు తెచ్చింది నేను.

అది ఏడాదిన్నర కింద, డిసెంబరు మొదటి శనివారం. నవ్యశ్రీకి ఆ రోజు తార్నాకలో పరీక్ష ఉంది. రేచల్‌కు ఆ వారమే మందు ఎక్కించారు, లేచి నిలబడే స్థితిలో లేదు. ఒక నెల తప్పితే వరుస పాడవుతుందని, ఇద్దరి దగ్గరికే కదా అని, నన్ను వెళ్లమంది. రెండు సీసాలు, ఒక ఐసు డబ్బా ఇచ్చింది. సీసా మూత తెరిచాక మాట్లాడవద్దని, నోటి తుంపర పడుతుందని చెప్పింది.

గాలయ్య చెట్లు అతని పొలం గట్టునే ఉన్నాయి. అక్కడ అతను తప్ప ఎవరూ లేరు. అతను చెట్టు దిగి, లొట్టి వంచి, సీసా నింపి ఇచ్చాడు. టీచరమ్మ ఎట్లుందని అడిగాడు.

మల్లేశం కల్లు అమ్మే మండువ మేడ్చల్ దాటాక రోడ్డు పక్కనే ఉంది. నేను చేరేసరికి పొద్దు పొడిచింది. కల్లు తాగడానికి పది పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. నేను మా చర్చి సంఘానికి కార్యదర్శిని. కల్లు పోసే విందులకు సంఘ సభ్యులెవరూ వెళ్లకూడదనే తీర్మానాన్ని అంతకుముందు ఆదివారమే నేను నిలబడి చదివాను. మండువలో కూర్చున్నవాళ్లలో ఒకతను నా తొమ్మిదో తరగతి విద్యార్థి తండ్రి. నన్ను చూసి పక్కకు జరిగాడు.

“జరగుండ్రి, జరగుండ్రి. సారు గూడ అచ్చిండు. సారుకు జాగియ్యుండ్రి,” అన్నాడు.

అందరూ నవ్వారు. అందులో చెడు ఉద్దేశం లేదు. ఇది ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పుడు స్కూటరు స్టాండు కూడా వేయకుండా వెనక్కి తిప్పాను. ఔటర్ రింగ్ రోడ్డు వంతెన కింద ఆపి, పద్నాలుగో సీసాలో సగం పదిహేనో సీసాలో పోశాను. పోస్తున్నప్పుడు మాట్లాడలేదు. ఆమె చెప్పిన జాగ్రత్తల్లో అది ఒక్కటి పాటించాను.

రేచల్ రెండు సీసాలూ వెలుతురుకు పెట్టి చూసి, రెండూ తక్కువే ఉన్నాయేమని అడిగింది. చలికి కల్లు తక్కువ దిగిందన్నారని చెప్పాను. మల్లేశం దగ్గర ఎన్ని గంటలకు నింపావని అడిగితే ఏడుకు ఐదు నిమిషాలు తక్కువ అన్నాను. దిండుకు ఆనుకుని అలాగే రాసుకుంది.

తరువాత చెప్పవచ్చు అనుకున్నాను. నలభై రెండు సీసాల్లో ఒకటి, దానితో ఏమవుతుంది అని కూడా అనుకున్నాను. బడిలో పిల్లవాడు కాపీ కొడితే నేను వినే సాకు ఇదే. ఆ తరువాత రేచల్ ఆరోగ్యం ఇలాంటివి మాట్లాడుకునే స్థితి దాటిపోయింది.

మంగళవారం రాత్రి వరకు మిగతా పేరాలన్నీ దిద్దాను. మూడో పేరాను ముట్టుకోలేదు. దాన్ని అలాగే వదిలేస్తే ఏమవుతుందో కూడా ఆలోచించాను. నవ్యశ్రీకి ఉద్యోగం రావచ్చు. అక్కడ రెండేళ్లు లేని దాన్ని వెతుకుతుంది. ఈగల్లో వెతుకుతుంది, గాలిలో వెతుకుతుంది, దొరకదు. దొరకకపోతే తన పని సరిగా లేదనుకుంటుంది.

బుధవారం ఆమె వచ్చి కూర్చోగానే చెప్పాను. వరుసగా, జరిగింది జరిగినట్టు చెప్పాను. వంతెన సంగతి కూడా చెప్పి, క్షమించమన్నాను.  అంతా విన్నాక ఆమె ఒక్కటే అడిగింది.

“మేడమ్‌కు తెలుసా సార్?”

“తెలియదు.”

ఆమె కాగితాలు తన వైపు తిప్పుకుని మూడో పేరా మళ్లీ చదివింది. మల్లేశం దగ్గర నవంబరులో, జనవరిలో తీసిన సీసాలు వేరే రకంగా ఉన్నాయని, డిసెంబరు ఒక్కటే ఇలా వచ్చిందని, అందుకే దాన్ని అంత గొప్పగా అనుకున్నానని చెప్పింది. గైడుతో కూడా వాదించిందట. సీసాలు తారుమారై ఉంటాయేమో చూడమని ఆయన రెండుసార్లు చెప్పారట. రేచల్ మేడమ్ రాసిన నోటులో తప్పు ఉండదని ఈమె అన్నదట.

 తరువాత ఆమె లెక్క చెప్పినట్టు మెల్లగా చెప్పింది. ఈ పేరా తీసేస్తే మిగిలేది మామూలు పరిశోధన, అలాంటివి పంపేవాళ్లు చాలామంది ఉంటారు. తీసేయడం ఒక్కటే చాలదు, ఆ ప్రొఫెసర్‌కు ముందే తెలుసు కాబట్టి ఎందుకు తీసేశానో రాయాలి. కారణం ఏమని రాస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. పొరపాటు అంటే ఒక్క సీసా పోతుంది. ఒక మనిషి తెలిసే అలా చేశాడంటే మిగతా సీసాలను కూడా అనుమానిస్తారు.

“సార్, సీసాలు తారుమారైనయి అని రాద్దాం,” అంది. “మేడమ్‌కు అప్పుడు ఒంట్లో బాగలేకుండె కదా. అది అందరికీ అర్థమైతది. ఇగ ఎవరూ అడగరు. మీ పేరు కూడా రాదు.”

ఆమె చెప్పినదాంట్లో తర్కం తప్పు లేదు. నాకు మేలు చేయాలనే చెప్పింది, తనకూ అదే మేలు. 

“రేచల్ పొరపడలేదు,” అన్నాను. “నువ్వు ఏం రాసి పంపాలన్నది నీ ఇష్టం. ఉద్యోగం నీది. కానీ అది రాస్తే ఇంగ్లిషు నేను దిద్దను.”

ఆమె ముఖం ఎర్రబడింది. “మీరు జేసినదానికి నేను నష్టపోవాల్నా సార్?” అంది. గట్టిగా అనలేదు.

 

ఆమె లేచి వాకిట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చి లాప్‌టాప్ తెరిచింది. మూడో పేరా తీసేసింది. ప్రొఫెసర్‌కు వేరే ఉత్తరం రాసింది. పదిహేనో నమూనా మల్లేశంది కాదని, సేకరించిన వ్యక్తి రెండు సీసాలనూ ఒకే చోట నింపాడని, ఆ వ్యక్తి తెచ్చినవి ఆ రెండే అని, మిగతా నలభై తాను, తన టీచరు కలిసి తెచ్చినవని రాసింది. నేను అర పేజీ వాంగ్మూలం రాసి, పేరు, బడి పేరు రాసి సంతకం పెట్టాను. దాన్ని కూడా జత చేసింది. ఆమె ఉత్తరంలో నేను ఒక్క చోటే దిద్దాను. “దురదృష్టవశాత్తు” అని ఉంటే కొట్టేశాను.

“బాపుకు మీరే చెప్పండి,” అంది వెళ్తూ.

మర్నాడు బడికి ముందే వాళ్ల ఇంటికి వెళ్లాను. గాలయ్య అరుగు మీద కూర్చుని గీత కత్తి నూరుతున్నాడు. అతని భార్య లక్ష్మమ్మ చాయ్ తెచ్చింది. నేను చెప్పినంతసేపూ అతను కత్తి నూరడం ఆపలేదు.

“అంటే మల్లేశం లొట్టి ఎత్తుకపోలే.”

“లేదు.”

“నేను సంఘంల అంతమంది ముంగట ఆన్ని దొంగ అన్న. ఇరవై ఏండ్లకెల్లి ఆనితోని మాట లేదు సారూ. మల్ల మాట గలిపితే దొంగ అని గలిపిన.”

నేను వెళ్లి మల్లేశంకు చెప్తానన్నాను.

“ఆనికి ఒక్కనికి జెప్తే ఏమొస్తది? నేనన్నది అందరి ముంగట. నువ్వు జెప్పేది గూడ అందరి ముంగట జెప్పు. అయితారం సంఘం గూడుతది.”

లక్ష్మమ్మ లోపలి నుంచి, సారును అంత తిప్పల పెట్టకు అంది. పెడతా, చాయ్ తాగనీ, అప్పుడు పెడతా అన్నాడు గాలయ్య.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక గీత కార్మికుల సంఘం భవనానికి వెళ్లాను. ముప్పై మంది దాకా ఉన్నారు. మల్లేశంను పిలిపించారు. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను తెలుగులో, చిన్న మాటల్లో చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కొందరు నవ్వారు. ఒకరు, కల్లు ముట్టని సారు కల్లు కల్తీ జేసిండు అన్నారు. ఆ మాట ఊళ్లో ఇప్పటికీ ఉంది.

మల్లేశం నా వైపే చూశాడు.

“గా పొద్దు నువ్వు అచ్చి ఎనుకకు మర్రినవ్ సారు. నేను చెట్టు మీదికెల్లి సూసిన,” అన్నాడు. “జరసేపు ఆగితే దిగి కుర్సీ ఏస్తుంటి.”

గాలయ్య లేచి, తాను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని సంఘానికి చెప్పాడు. మల్లేశంకు చెప్పలేదు. మల్లేశం తల ఊపాడు. సంఘం పుస్తకంలో రాసుకున్నారు. ఆ సాయంత్రమే నేను మా పాస్టరుగారికి కూడా సంగతి చెప్పి, కార్యదర్శి పని వేరేవాళ్లకు ఇమ్మన్నాను. మండువకు వెళ్లినందుకా అని ఆయన అడిగారు. వెళ్లనందుకు అన్నాను.

ఫిన్లాండ్ ప్రొఫెసర్ వారం దాకా జవాబు ఇవ్వలేదు. తరువాత, వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు అని ఒక్క వాక్యం వచ్చింది. జూలైలో నవ్యశ్రీని వీడియో ఇంటర్వ్యూకు పిలిచారు. ఐదుగురిని పిలిచారట. నలభై నిమిషాల్లో పదిహేను నిమిషాలు పదిహేనో సీసా మీదే గడిచాయి. మిగతా సీసాలను ఎలా నమ్మమంటావని ఒకాయన అడిగారు. ఏ కుటుంబం సీసాలు ఆ కుటుంబంతోనే కలుస్తున్నాయని, ఎవరైనా మార్చి ఉంటే అలా కలవవని, అన్నీ మళ్లీ లెక్క కట్టి చూపించింది. బాగానే చెప్పాను అనుకుంటున్నా సార్ అని ఫోనులో చెప్పింది. అంతకుమించి మాట్లాడలేదు.

ఆగస్టులో జవాబు వచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. ఫోను మోగితే వరండాలోకి వచ్చాను.

ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చారు. ఆమె పేరు రెండోది. మొదటి అభ్యర్థి ఒప్పుకున్నాడు కాబట్టి రెండో పేరుకు అర్థం లేదు. పేరా అలాగే ఉంటే మొదటి పేరు ఆమెదే అయ్యేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆమె అడగలేదు. నేను ఆ మాట ఎత్తలేదు. ఇక్కడి ఫెలోషిప్ మార్చి దాకా ఉందని, స్విట్జర్లాండ్‌లో ఒకటి, కెనడాలో ఒకటి ప్రకటనలు చూసి పెట్టుకున్నానని చెప్పింది.

నేను క్షమించమని అడగబోయాను. ఆ మాటను జూన్‌లోనే వాడేశాను. రెండోసారి వాడితే దానికి ఆమె జవాబు చెప్పవలసి వస్తుంది. ఊరుకున్నాను. తరగతిలో పిల్లల గోల పెరుగుతోంది.

“సార్,” అంది నవ్యశ్రీ. “మేడమ్‌కు తెలిసి ఉంటే మిమ్మల్ని ఏమనేది?”

రేచల్ పోయిన తరువాత ఎవరూ నన్ను ఆమె గురించి ఇలాంటి ప్రశ్న అడగలేదు. ఎలా పోయింది, ఎన్నాళ్లు బాధపడింది అని అడిగారు. నేను ఆలోచించి, తెలిసినది చెప్పాను.

“ఏమీ అనేది కాదు. ఒక వారం మాట్లాడేది కాదు.”



“అయితే నేను కూడా వారం మాట్లాడను సార్,” అంది. “స్విట్జర్లాండ్‌ది రాసి పెట్టిన. శనివారం తెస్తా.”

ఆ వారం ఆమె ఫోను చేయలేదు. నేనూ చేయలేదు. శనివారం పొద్దున తొమ్మిదింటికి రెండు పేజీలు పట్టుకుని వచ్చింది.